చెన్నై ఎండల్లో మేడమీది మొక్కలను, ఇంట్లోని మూగజీవాలను, వంటింటిని కలిపి నడుపుకోవడం ఎలా?

చెన్నైలో వేసవి అంటే మే 4వ తేదీ ప్రాంతంలో మొదలై నెలాఖరు వరకు సాగే, ఇక్కడివారు అగ్ని నక్షత్రం అని పిలిచే మండుటెండల రోజులు మాత్రమే కాదు. మార్చి సగం గడిచేసరికే మేడమీద గచ్చు కాలు పెట్టనివ్వదు, జూన్ నెలలోనూ వేడి తగ్గినట్టు అనిపించదు. 2003 మే 31న నుంగంబాక్కంలో 45 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైన సంగతి పాతవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఇలాంటి ఊళ్ళో కుండీల్లో మొక్కలు పెంచుతూ, ఒక కుక్కనో పిల్లినో సాకుతూ, మూడు పూటలా పొయ్యి వెలిగించే ఇల్లాలికి గాని ఇంటాయనకు గాని వేసవి పని మూడింతలవుతుంది. ఆ మూడు పనులను వేటికవిగా చూడడం వల్లనే ఈ భారమని నా అభిప్రాయం. మొక్కకైనా, జంతువుకైనా, వంట చేసే మనిషికైనా ఈ నాలుగు నెలలు కావలసినవి చల్లని వేళ, మంచి నీళ్ళు, కాస్త నీడ. వీటిని ఇంటి మొత్తానికి ఒకేసారి పంచుకుంటే పని తగ్గుతుంది, ఒకదానికి చేసిన ఉపకారం మరొకదానికి అపకారం కాకుండా ఉంటుంది.

మొదటి పని: వేళలు సర్దుకోవడం

చెన్నై ఎండకు ఒక స్వభావం ఉంది. పగలు సముద్రపు గాలి మధ్యాహ్నానికల్లా ఊరిలోపలికి వస్తే ఆ రోజు గట్టెక్కినట్టే. పడమటి గాలి బలంగా వీచి సముద్రపు గాలిని ఆలస్యం చేసిన రోజున ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. కర్నూలు ఎండకు అలవాటుపడి ఇక్కడికి వచ్చినవారు ముందుగా గ్రహించవలసింది ఇక్కడి గాలిలోని తేమను. గడ్డి పలకల మీద నీళ్ళు పారించి చల్లబరిచే కూలర్ రాయలసీమలో గది మొత్తాన్ని చల్లబరుస్తుంది గాని, ఇక్కడ గదిని మరింత ఉక్కగా మారుస్తుంది. ఊరి నుంచి లారీలో సామానుతో పాటు తెచ్చుకున్న కూలర్‌ను అటక మీద పెట్టేయడం మంచిది. చెమట ఆరని గాలిలో కుక్క రొప్పు కూడా దాని ఒంటిని చాలినంతగా చల్లబరచదు. అందువల్ల 36 డిగ్రీలే కదా అని ధైర్యపడకూడదు.

మే నెలలో ఇక్కడ ఇంచుమించు 5.45కు సూర్యోదయం అవుతుంది. ఆపైన గంటన్నర మాత్రమే మనది. ఆ సమయంలో మూడు పనులూ ఒకేసారి మీద పడతాయి కాబట్టి వరుస ముందే నిర్ణయించుకోవాలి. రోడ్డు అన్నిటికంటే ముందు వేడెక్కుతుంది కనుక కుక్కను తెల్లవారుజామునే, ఐదు దాటగానే నడకకు తీసుకెళ్ళాలి. తిరిగి రాగానే మొక్కలకు నీళ్ళు పెట్టాలి. ఆ తరువాత పొయ్యి వెలిగించి, ఎనిమిదింటికల్లా మధ్యాహ్నం వంట కూడా ముగించాలి. ఇద్దరున్న ఇంట్లో ఒకరు మేడ మీదికి, ఒకరు వంటింట్లోకి వెళ్ళవచ్చు. ఒక్కరే ఉన్నవారు పప్పు నానబెట్టడం, కూరగాయలు తరిగి పెట్టుకోవడం, మొక్కలకు బక్కెట్లు నింపి ఉంచుకోవడం రాత్రే చేసుకోవాలి. మేడమీది ప్లాస్టిక్ ట్యాంకులోని నీరు సాయంత్రానికి చేయి కాల్చేలా ఉంటుంది. రాత్రి బక్కెట్లలో పట్టి ఉంచితే తెల్లవారేసరికి మొక్కలకు తగినంత చల్లబడుతుంది.

రెండవ పని: ఏ నీరు దేనికో తేల్చుకోవడం

ఈ ఊళ్ళో చాలా ఇళ్ళకు మెట్రో నీళ్ళు (అంటే నగర నీటి సరఫరా సంస్థ ఇచ్చేవి), బోరు నీళ్ళు, లారీ నీళ్ళు కలిసే వస్తాయి. 2019 వేసవిలో పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం జలాశయాలు దాదాపు అడుగంటినప్పుడు కుళాయి కోసం బిందెలు వరుస కట్టిన వీధులను ఎవరూ మరచిపోలేదు. కండలేరు నుంచి తెలుగు గంగ కాలువలో పూండికి చేరే కృష్ణా నీళ్ళు మన ప్రాంతం నుంచే వస్తున్నా, ఎప్పుడు ఎంత వస్తాయో నమ్ముకుని ఉండలేము. కనుక ఇంట్లో వాడిన నీళ్ళనే రెండోసారి వాడుకునే ఏర్పాటు ఉండాలి.

బియ్యం, పప్పు కడిగిన నీళ్ళను, కూరగాయలు కడిగిన నీళ్ళను వంటింట్లో ఒక ప్రత్యేకమైన బక్కెట్‌లో పోయించాలి. ఇవి ఆకుకూరల కుండీలకు ఎంతో మంచివి. అయితే పూటకు పూట వాడేయాలి. రాత్రంతా నిలవుంటే పులిసి వాసన కొడతాయి, చీమలు చేరుతాయి. ఉప్పు వేసి ఉడికించిన నీటిని మాత్రం మొక్కలకు పోయకూడదు. ఏసీ గొట్టం నుంచి కారే నీటిలో లవణాలు దాదాపు ఉండవు. దాన్ని ఒక డబ్బాలో పట్టి మొక్కలకు పోస్తే, ముఖ్యంగా బోరు నీటితో బతుకుతున్న కుండీలకు, చాలా మేలు. అది లోహపు తీగచుట్టల మీదుగా, దుమ్ము మీదుగా వస్తుంది కాబట్టి జంతువులు తాగడానికి పెట్టకూడదు. ఆర్‌ఓ యంత్రం వదిలేసే నీటిలో లవణాలు మూల నీటి కంటే ఎక్కువగా ఉంటాయి. అది నేల తుడవడానికి, మరుగుదొడ్డికి సరిపోతుంది గాని, కుండీకి కాదు.

తిరువాన్మియూరు, బెసంట్ నగర్ వంటి తీరప్రాంతాల్లో బోరు నీరు ఉప్పగా ఉండడం సాధారణం. ఆ నీరు మొక్కకు చేసే హాని చూడాలంటే మట్టి కుండీ అంచును దగ్గరగా చూడండి. తడి ఆరినచోట తెల్లని పొర కనిపిస్తుంది. గోటితో గీకితే పొడిగా రాలుతుంది. ఆ మొక్క ముదురాకుల కొనలు గోధుమరంగులో మాడి, లోపలి భాగం మాత్రం పచ్చగానే ఉంటుంది. దీన్ని నీటి కొరత అనుకుని మరింత బోరు నీరు పోస్తే ఉప్పు పెరుగుతూనే పోతుంది. పదిహేను రోజులకొకసారి మెట్రో నీటినో ఏసీ నీటినో కుండీ అడుగు రంధ్రం నుంచి ధారగా కారిపోయేటంత పోయాలి. ఉప్పు ఆ నీటితో కొట్టుకుపోతుంది. కింద పళ్ళెం ఉంటే ఆ నీటిని వెంటనే పారబోయాలి.

పళ్ళెం మాట వచ్చింది కనుక ఇంకొక సంగతి. నిలిచిన మంచి నీటిలో గుడ్డు పెట్టే దోమ వారం, పది రోజుల్లో రెక్కలు తొడుక్కుని బయటికి వస్తుంది. కుండీల కింది పళ్ళేలు, పక్షులకు పెట్టే గిన్నెలు, ఏసీ నీటి డబ్బా వారానికి ఒకసారైనా పూర్తిగా ఖాళీ చేసి, లోపలి గోడలను రుద్ది కడగాలి. గుడ్లు గోడకే అంటుకుని ఉంటాయి కాబట్టి వట్టిగా ఒలకబోస్తే చాలదు.

మూడవ పని: మేడమీది మొక్కలను ఎండకు సిద్ధం చేయడం

ముందుగా కుండీలను గచ్చు మీద నుంచి లేపండి. ఒక్కొక్క కుండీ కింద రెండు ఇటుకలు పెడితే గచ్చు వేడి వేర్లకు తగలదు, అడుగున గాలి ఆడుతుంది. నల్లని ప్లాస్టిక్ సంచుల్లో పెంచేవారు వాటిని దగ్గర దగ్గరగా చేర్చి, పడమటి ఎండ నేరుగా తగిలే వైపు సున్నం పూయాలి, లేదా పాత గోనెపట్టా చుట్టాలి. బరువైన కుండీలను మేడ నడిమధ్యన కాక గోడలు, దూలాలు ఉన్న వరుసలో ఉంచాలి. తడిసిన మట్టి బరువు చూడడానికి కనిపించే దానికంటే చాలా ఎక్కువ.

నీడ కోసం 50 శాతం నీడనిచ్చే వల చాలు. అంతకు మించిన దట్టమైన వల కింద వంగ, బెండ పొడుగ్గా సాగి పూత తగ్గిస్తాయి. వలను మొక్కల తలలకు తగిలేలా కట్టకూడదు. మనిషి నిలబడి పని చేసుకునేంత ఎత్తున, సాయంత్రపు గాలికి ఊగినా తెగిపోనంత గట్టిగా కట్టాలి. ఈ వల కింద ఒక మూల ఖాళీగా వదలండి. సాయంత్రం మీరు మేడ మీద ఉన్నంతసేపు కుక్క పడుకునే చోటు అదే అవుతుంది.

కొత్తగా మట్టి కలిపేవారు ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, బాగా చివికిన పశువుల ఎరువు లేదా వానపాముల ఎరువు సమపాళ్ళలో తీసుకోవచ్చు. కొబ్బరి పొట్టు నీటిని పట్టి ఉంచుతుంది గాని, కడగని పొట్టులో ఉప్పు ఉంటుంది. రెండు మూడు సార్లు నీళ్ళలో నానబెట్టి పిండిన తరువాతే వాడాలి. మట్టి పైన రెండంగుళాల మందాన ఎండుటాకులో కొబ్బరి పీచో పరిస్తే తడి ఆరడం కళ్ళకు కనిపించేటంతగా తగ్గుతుంది. ఇంటి ముందు వేపచెట్టు రాల్చే ఆకును ఊడ్చి తగలబెట్టేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. వేసవి కుండీకి అంతకంటే మంచి దుప్పటి లేదు.

ఎరువుల దగ్గర జంతువులున్న ఇంటివారు ఒక్క విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. ఆముదపు పిండి మంచి ఎరువే. కాని దాని వాసన కుక్కను ఆకర్షిస్తుంది, ఆముదపు గింజలో ఉండే రైసిన్ అనే విషం ఆ పిండిలో మిగిలి ఉంటే ప్రాణం తీయగలదు. ఎముకల పొడి అంత విషం కాకపోయినా కుక్క కుండీ తవ్వి తింటే పేగుల్లో గడ్డకట్టి ఇబ్బంది పెడుతుంది. కుక్క ఉన్న మేడ మీదికి ఆముదపు పిండి తీసుకురాకపోవడమే నా సలహా. వేపపిండి, వానపాముల ఎరువు దాని పని చేస్తాయి.

నీళ్ళు పోసే ముందు వేలిని మట్టిలోకి రెండో కణుపు వరకు దించి చూడండి. లోపల తడి తగిలితే ఆ పూట ఆగవచ్చు. మధ్యాహ్నం సొర, గుమ్మడి ఆకులు వాలిపోవడం చూసి కంగారుపడి ఎండలో నీళ్ళు పోస్తారు. మట్టిలో తడి ఉన్నా, వేర్లు తాగేదానికంటే ఆకులు ఆవిరి చేసేది ఎక్కువైనప్పుడు అవి అలా వాలతాయి, సాయంత్రానికి తమంతట తామే లేస్తాయి. సాయంత్రం ఆరింటికి కూడా లేవకపోతేనే నీళ్ళు పోయాలి. గొట్టంతో పోసేవారు గొట్టంలో నిలిచిన మరిగే నీటిని ముందు పక్కకు వదిలి, చల్లని ధార వచ్చాక కుండీ వైపు తిప్పాలి.

ఏమి పెంచాలన్నది పెద్ద ప్రశ్న కాదు. తోటకూర నెల లోపలే కోతకు వస్తుంది. గోంగూర, బచ్చలి, బెండ, వంగ, గోరుచిక్కుడు ఎండకు తట్టుకుంటాయి. కొత్తిమీర మేలో వేస్తే ఆకు రాకముందే పూతకు వస్తుంది కనుక ఆ విత్తనాలు వంటకే వాడుకోండి. మల్లె ఈ కాలానికే పుట్టినట్టు పూస్తుంది, దానికి నీడ వల అవసరం లేదు. మందార కొమ్మల చివర తెల్లని దూదిలా కనిపించే పిండినల్లి ఈ ఊళ్ళో ప్రతి ఇంటికీ తెలిసిన బాధ. మొదట నీటి ధారతో కొట్టి, మిగిలినదానికి లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీరు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయాలి. ఆకులు ఆరేవరకు పిల్లిని అటు రానివ్వకూడదు, ఒంటికి అంటినదాన్ని అది నాకి శుభ్రం చేసుకుంటుంది.

పిల్లి ఉన్న ఇంట్లో లిల్లీ జాతి పూలు పెంచకూడదు. వాటి పుప్పొడి నాకినా పిల్లి మూత్రపిండాలు దెబ్బతింటాయి. గన్నేరు, పచ్చగన్నేరు, చెన్నై మేడల మీద విరివిగా కనిపించే ఎడారి గులాబీ, సాగో పామ్ కూడా విషపూరితాలే. మనీ ప్లాంటు ప్రాణాంతకం కాకపోయినా కొరికితే నోరు పొక్కి చొంగ కారుతుంది. దాన్ని అందనంత ఎత్తున వేలాడదీయవచ్చు.

నాలుగవ పని: కుక్కను, పిల్లిని ఎండ నుంచి కాపాడడం

నడకకు బయలుదేరే ముందు అరచేతి వెనుక భాగాన్ని రోడ్డు మీద ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టండి. మీరు ఉంచలేకపోతే కుక్క కాలూ ఉంచలేదు. సాయంత్రం సూర్యుడు 6.30కు అస్తమించినా తారు రోడ్డు వెంటనే చల్లారదు, ఏడున్నర దాటాక వెళ్ళడం మేలు. పగ్, షిట్జూ, బుల్‌డాగ్ వంటి ముక్కు నొక్కినట్టుండే జాతులకు, పర్షియన్ పిల్లికి ఉక్కపోత మరింత ప్రమాదం. ఒత్తయిన బొచ్చున్న కుక్కకు ఎండాకాలమని గుండు కొట్టించకూడదు. ఆ బొచ్చు ఎండను కూడా ఆపుతుంది. లోపలి ఊడిన బొచ్చు పోయేలా రోజూ దువ్వితే చాలు.

నీటి గిన్నె మట్టిదైతే మంచిది, ఇంట్లో రెండు మూడు చోట్ల పెట్టాలి, రోజుకు రెండుసార్లు మార్చాలి. పిల్లులు సహజంగా తక్కువ నీరు తాగుతాయి కనుక వాటి తిండిలోనే కాస్త నీరు కలపడం మంచిది. మగపిల్లి ఇసుక పెట్టెలో పదే పదే కూర్చుని మూత్రం రాక ముక్కుతుంటే అది ఆ రోజే వైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళవలసిన ప్రమాదం, తెల్లవారేదాకా చూద్దామని ఆగకూడదు. గాలి కోసం కిటికీలు తెరిచే కాలం కాబట్టి అపార్ట్‌మెంట్లలో కిటికీకి, బాల్కనీకి వల బిగించిన తరువాతే పిల్లిని ఆ గదిలో వదలాలి.

కుక్కకు వడదెబ్బ తగిలిందని గుర్తించడానికి దాని పెదవి పైకెత్తి చిగురు చూడండి. మామూలుగా లేత గులాబీరంగులో తడిగా ఉండే చిగురు ఎర్రగా కంది, జిగటగా కనిపిస్తుంది. నోటి నుంచి చిక్కని చొంగ తీగలా సాగుతుంది. పిలిస్తే తూలుతూ వస్తుంది, లేదా రాదు. కుక్క సహజ ఉష్ణోగ్రత సుమారు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్, 104 దాటితే ప్రమాదం. వెంటనే నీడకు చేర్చి, పొట్ట, చంకలు, తొడల లోపలి భాగం, పాదాలు తడిసేలా మామూలు కుళాయి నీరు పోసి, ఫ్యాను గాలి తగలనివ్వాలి. మంచు గడ్డలు పెట్టకూడదు, తడి తువ్వాలు ఒంటినిండా కప్పి వదిలేయకూడదు. కప్పిన తువ్వాలు కాసేపట్లో వెచ్చబడి వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. ఉష్ణోగ్రత 103కు దిగగానే తడపడం ఆపాలి. స్పృహ సరిగా లేని జంతువు నోట్లో బలవంతంగా నీళ్ళు పోయకూడదు. కుదుటపడినట్టు కనిపించినా ఆ రోజే పశువైద్యుడికి చూపించాలి. లోపలి అవయవాలకు జరిగిన నష్టం తరువాత బయటపడవచ్చు. 1903లో మొదలైన మద్రాసు పశువైద్య కళాశాలకు వేపేరిలో ఆసుపత్రి ఉంది. దానితో పాటు మీ ఇంటికి దగ్గరగా రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రి ఏదో ఏప్రిల్ లోపలే తెలుసుకుని, ఫోను నంబరు ఫ్రిజ్ తలుపు మీద అంటించి పెట్టుకోండి.

గోమార్లు ఈ కాలంలో విపరీతంగా పెరుగుతాయి. కాలివేళ్ళ మధ్య, చెవుల లోపల, మెడపట్టీ కింద రోజూ వేలితో తడిమి చూడాలి. అవి కుక్క ఒంటి మీదే కాక గోడ పగుళ్ళలోను, కుండీల వరుస వెనుక కూడా దాక్కుంటాయి కాబట్టి మేడమీది మూలలు వారం వారం ఊడ్చాలి. ఇంట్లో కుక్క, పిల్లి రెండూ ఉంటే, కుక్కకు వేసే గోమార్ల మందులో పెర్మెత్రిన్ ఉందేమో సీసా మీద చదవండి. అది పిల్లికి ప్రాణాంతకం. ఫినాయిలుతో తుడిచిన నేల ఆరేవరకు కూడా పిల్లిని దూరంగా ఉంచాలి.

పంజరంలో రామచిలుకను పెంచుతున్నవారికి వేసవి జాగ్రత్తలు చెప్పడం లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పెంచడమే నేరం.

ఐదవ పని: వంటింటి వేడి తగ్గించుకోవడం

ఎనిమిదింటికి పొయ్యి ఆర్పేయాలంటే వంటకాల ఎంపిక మారాలి. రాత్రి వండిన అన్నం చల్లారగానే మట్టి పాత్రలో వేసి, మునిగేలా నీళ్ళు పోసి, రెండు చెంచాల మజ్జిగ కలిపితే తెల్లవారేసరికి చద్దన్నం సిద్ధంగా ఉంటుంది. పొద్దున వండి సాయంత్రం వరకు బయట ఉన్న అన్నాన్ని మాత్రం ఇందుకు వాడకూడదు. ఈ ఊరి వేడిలో అది అప్పటికే చెడే దారిలో ఉంటుంది. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తొమ్మిదింటిలోపు తినేయాలి. ఇడ్లీ పిండి మే నెలలో ఐదారు గంటల్లోనే పొంగుతుంది. రాత్రి పడుకునే ముందు చల్లని నీటితో రుబ్బి, తెల్లవారి లేవగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. సాయంత్రం రుబ్బి బయట ఉంచితే పొద్దుటికి గిన్నె దాటి పొర్లడమే కాక ముక్కు మూసుకునేంత పులుస్తుంది.

మధ్యాహ్నానికి మామిడికాయ పప్పు, కొబ్బరి మామిడికాయ పచ్చడి, దోసకాయ పచ్చడి, మెంతి మజ్జిగ వంటివి పెట్టుకుంటే పొయ్యి మీద పప్పు, అన్నం, ఒక పోపు తప్ప పని ఉండదు. కందిపప్పు రాత్రి నానితే ఒక కూతకే ఉడుకుతుంది. నానిన బియ్యాన్ని ఏడెనిమిది నిమిషాలు మరిగించి, మూత బిగించి, పాత దుప్పటి పరిచిన డబ్బాలో అరగంట ఉంచితే మిగిలినది దాని వేడికే ఉడుకుతుంది. గ్యాసు ఆదా అవుతుందన్నది అలా ఉంచి, వంటింట్లో నిలబడే సమయం సగానికి తగ్గుతుంది, అదే నాకు ముఖ్యంగా తోస్తుంది. సాయంత్రం దబ్బాకు, అల్లం, ఉప్పు వేసిన మజ్జిగ కుండ నిండా ఉంటే పిల్లలు శీతల పానీయం అడగరు. అల్లం, ఉప్పు వేయక ముందు ఒక గిన్నెడు పలుచని మజ్జిగ కుక్కకు తీసి ఉంచవచ్చు. ఉల్లిపాయ, వెల్లుల్లి, కిస్మిస్, ద్రాక్ష కుక్కకు విషం కనుక పాయసం గిన్నె, పులుసు గిన్నె నాకనివ్వకూడదు. మామిడిపండు గుజ్జు కొంచెం పెట్టవచ్చు, టెంక మాత్రం ఎప్పటికీ ఇవ్వకూడదు. గొంతులోనో పేగులోనో ఇరుక్కుంటే శస్త్రచికిత్స తప్పదు. కంపోస్టు డబ్బా మూత గట్టిగా ఉండాలన్నది కూడా ఇందుకే.

ఆవకాయ పెట్టే ఇళ్ళవారు కోయంబేడు మార్కెట్టుకు తెల్లవారుజామునే వెళితే పుల్లని నాటుకాయలు దొరుకుతాయి. అక్కడ కిళిమూక్కు పేరుతో గుట్టలుగా పోసి అమ్మేవి మన కలెక్టరు కాయలే. వాటిలో పులుపు తక్కువ కాబట్టి ఏడాది నిలవుండే ఆవకాయకు పనికిరావు. కాయ గట్టిగా ఉండాలి, టెంక ముదిరి ఉండాలి. ఇంటికి తెచ్చి, కడిగి, పొడిగుడ్డతో తుడిచి, నీడలో పూర్తిగా ఆరాకే కోయించాలి. ప్రతి ముక్కకూ టెంక పెంకు అంటి ఉండాలి, జీడి తీసి, లోపలి కాగితంలాంటి పొరను తుడిచేయాలి. ముక్కలు ఐదు కొలతలైతే కారం, ఆవపిండి ఒక్కొక్క కొలత, ఉప్పు ముప్పావు నుంచి ఒక కొలత, గానుగ నువ్వుల నూనె ఒకటిన్నర నుంచి రెండు కొలతలు, గుప్పెడు మెంతులు సరిపోతాయి. చెన్నై గాలిలో ఉప్పు గంటలోనే చెమ్మగిల్లుతుంది. అందుకని రాళ్ళ ఉప్పును ఎండలో ఆరబెట్టి, ఆ వేడి మీదనే దంచి, చల్లారగానే కలపాలి, ముందు రోజు దంచి ఉంచకూడదు. కలిపే పని ఉదయం పదింటి లోపే పెట్టుకోండి, చెమట చుక్క ముక్కల మీద పడితే బూజుకు అదే ఆరంభం. మూడో రోజు జాడీ తీసి తిరగ కలిపేటప్పుడు ముక్కల్లోంచి ఊట ఊరి, నూనె పైకి తేలి ఉండాలి. తేలకపోతే కాచి చల్లార్చిన నువ్వుల నూనె మరి కొంత పోసి, ముక్కలు మునిగాయని చూసి వాసెన కట్టాలి.

వడియాలకూ కుండీలకూ మేడ మీద చోటు గొడవ రాకుండా, తూర్పు ఎండ ముందుగా పడే భాగాన్ని వడియాలకు, పడమటి గోడ నీడ పడే భాగాన్ని మొక్కలకు ఇవ్వండి. బియ్యప్పిండి వడియాల పిండి ఆరింటిలోపు ఉడికించి, ఎనిమిదింటికల్లా గుడ్డ మీద పెట్టేయాలి. సముద్రపు గాలి వచ్చిందంటే తేమ కూడా దానితోనే వస్తుంది. మూడున్నర, నాలుగింటికే గుడ్డతో సహా లోపలికి తెచ్చి, మరునాడు మళ్ళీ ఎండబెట్టాలి. సాయంత్రం దాకా మేడ మీద వదిలేసిన వడియం పగలంతా ఎండినదాన్ని అరగంటలో మెత్తబరచుకుంటుంది. ఊరమిరపకాయలను పగలు ఎండలో, రాత్రి ఉప్పు మజ్జిగలో వేస్తూ, మజ్జిగ అంతా పీల్చుకునేదాకా అదే వరుస సాగించాలి. కాకుల కోసం పైన పాత దోమతెర కప్పాలి. కుక్కను ఆ వైపు రానివ్వకూడదు, ఉప్పు దట్టంగా ఉన్న ఆ మిరపకాయలు దాని కడుపుకు ఏమాత్రం మంచివి కావు.

సెలవులకు ఊరికి వెళ్ళేటప్పుడు

నెల్లూరో, రాజమండ్రో వెళ్ళి వారం ఉండి వచ్చే ఇళ్ళు ముందురోజే కుండీలన్నిటినీ నీడ వల కింద ఒకచోట చేర్చి, పూత, కాయలు కోసేసి, అడుగు నుంచి కారేంత నీరు పోయాలి. పక్కింటివారికి తాళం ఇస్తే ఏ బక్కెట్ దేనికో కాగితం మీద రాసి అంటించండి, ఆర్‌ఓ నీటి డబ్బాను మాత్రం వంటింట్లోనే ఉంచండి. కుక్కను వసతిగృహంలో వదిలేవారు అక్కడ మధ్యాహ్నం కరెంటు పోతే ఏమి చేస్తారో అడిగి, గదిని పగటి పూట స్వయంగా చూసిన తరువాతే వదలాలి. రేకు కప్పు కింద ఉన్న గదిని ఒప్పుకోకూడదు. పిల్లికి కొత్త చోటు కంటే సొంత ఇంట్లో ఉండి, రోజుకు రెండుసార్లు వచ్చి చూసే మనిషి ఉండడమే నయం. కారులో వెంట తీసుకెళ్ళేవారు టిఫినుకు దిగినప్పుడు అద్దాలు కొంచెం దించి జంతువును లోపల వదిలి వెళ్ళకూడదు. చెట్టు నీడలో ఆపినా కారు లోపలి వేడి నిమిషాల్లో పెరుగుతుంది.

జూన్‌లో సాయంత్రపు ఉరుములు మొదలు కాకముందే మేడమీద నీరు పోయే గొట్టం మూతి దగ్గర చేరిన ఎండుటాకులు, కొబ్బరి పీచు తీసేసి, ఒక బక్కెట్ నీరు పోసి పారుతోందో లేదో చూడండి. తమిళనాడులో 2003 నుంచి ప్రతి భవనానికీ వాననీటి ఇంకుడు ఏర్పాటు తప్పనిసరి కాబట్టి ఆ గొట్టం చివర మీ ఇంటి ఇంకుడు గుంత ఉంటుంది. దాని లోపలి గులకరాళ్ళను, ఇసుకను కడిగి మళ్ళీ నింపే పని కూడా అప్పుడే ముగించాలి. మొదటి వాన నీటిని మాత్రం, మేడ మీద నెలల తరబడి పేరుకున్న దుమ్ము, ఎరువు, కాకిరెట్టలతో వస్తుంది గనుక, గుంతలోకి పోనివ్వకుండా పక్కకు మళ్ళించండి.